ముగ్గు తొక్కమన్న తాయారు

ఊఁ కొడుతూ వినాలి కన్నా. మధ్యలో కాళ్ళు ఆడించావంటే అక్కడితో ఆపేస్తా. అనగనగా, ఇక్కడికి చాలా దూరాన, జపాన్ దేశంలో ఒక మంచు ఊరు. ఆ ఊరు చూడాలని మన తణుకు నుంచి తాయారు అనే ఆవిడ ఒక్కతే బయల్దేరింది. తోడెవరే అని అడిగితే, నాకు కాళ్ళు లేవూ అంది. అంత మొండిది.

రైలు దిగి బయటికొచ్చి కొయ్యబారిపోయింది. దారికి అటూ ఇటూ తనకంటే ఎత్తున మంచు గోడలు. అప్పుడు మెల్లగా నాలుగడుగులు వేసింది. ఆ మంచులోనే ఒక పెద్ద పెట్టె నిలబడి ఉంది, పక్కన మనిషన్నవాడు లేడు. చిల్లర వేస్తే వేడివేడి కాఫీ డబ్బా దొర్లుకుంటూ వచ్చింది. తాయారు దాన్ని బుగ్గకి ఆనించుకుని, ఇదేం చోద్యమమ్మా అనుకుంది.

ఆ తర్వాత బస చేసే ఇంటికి చేరింది. ఆ ఇంటావిడ పేరు హిసాయె. ముసలావిడ, ఒంటరిది. పోయిన చలికాలం జారిపడి తుంటి విరిగిందట. మళ్ళీ పడితే ఇక మంచమేనని డాక్టరు చెప్పాడట. ఆవిడ వాళ్ళ భాషలో చెబితే ఫోను తెలుగులోకి మార్చి చెప్పింది. పాపం, ఆ నొప్పితోనే వేడి చారు కాచి పోసి, తన దుప్పటి తెచ్చి కప్పింది.

తెల్లారింది. ఈవిడగారికి చేతులు ఊరుకోవు కదా. మామ్మగారు లేచేలోగా వాకిలి శుభ్రం చేసి పెడదామనుకుంది. మంచు ఊడ్చింది. బకెట్టు తెచ్చి వాకిలంతా నీళ్ళు చల్లింది. ముగ్గుకి బియ్యప్పిండి తేవాలని లోపలికెళ్ళింది. తిరిగొచ్చేసరికి నీళ్ళు లేవు, వాకిలంతా అద్దంలా గడ్డకట్టింది. అది చూసుకోకుండా కాలు పెట్టింది. సర్రున జారి గేటు దగ్గర కూలబడింది, పిండంతా నెత్తిన పడింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

"మామ్మగారూ, రావద్దు" అని అరిచింది తాయారు. తెలుగులో అరిచింది. ఫోనేమో లోపలుంది. ఈ పిల్లకి దెబ్బ తగిలింది కాబోలని ఆవిడ ఇంకా తొందరగా కాలు ఎత్తింది. తాయారు చంటిపిల్లలా పాక్కుంటూ వెళ్ళి ఆవిడ రెండు కాళ్ళూ చుట్టేసుకుంది. దండం పెడుతోందనుకుని ఆవిడ కూడా వంగి దండం పెట్టింది.

వంగినప్పుడు చూసింది, ఆ గడ్డనీ, ఆ బకెట్టునీ. ఆవిడ మొహంలో నెత్తురు లేదు. లోపలికెళ్ళి సీసాతో నల్లటి ఇసక తెచ్చిచ్చింది. అక్కడ జారకుండా అదే చల్లుకుంటారు.

తాయారు మోకాళ్ళ మీదే కూర్చుని చల్లడం మొదలెట్టింది. చెయ్యి అలవాటుగా చుక్కలు పెట్టింది, చుక్కల చుట్టూ గీతలు తిప్పింది. గేటు దాకా నల్లటి ముగ్గు. హిసాయె కాలు ఎత్తి, పాపం చెరిగిపోతుందని మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"తొక్కండి మామ్మగారూ, తొక్కండి" అంటూ తాయారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఒక్కో అడుగూ ఇసకలో నిలబడింది. ఆవిడ జారకుండా గేటు దాకా నడిచింది.

పొద్దున నా ముగ్గు తొక్కావని నీ వీపు మీద ఒక్కటేశానా? రేపూ వేస్తాను. నా ముగ్గు ఎవరు తొక్కినా ఊరుకోను. ఆ ముసలావిడ తొక్కినప్పుడు మాత్రం దండం పెట్టుకుని ఏడ్చాను.

తాయారు ఎవరా? మీ తాతయ్య నన్నేమని పిలిచేవారో రేపు మీ అమ్మనడుగు.

మంచు కథ కంచికి,
నిద్దర నీ కంటికి.