జగ్గారావు వడపోత

అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పడం సింహాద్రప్పడు మాస్టారికి అలవాటు లేదు. ఓడరేవులో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాక, భీమిలిలో తన మేడగదిని సరదాకి రేడియోలో కబుర్లు పంపుకునే వాళ్ళందరికీ కూడలి చేసేశారు. అక్కడ రేడియోకి ఒక కంప్యూటరు తగిలించి ఉంటుంది. ఏ ఊళ్ళో ఎవరు "అందరికీ" అని బులెటిన్ రాసినా, ముందు ఆ పెట్టెలోకి చేరి, అక్కణ్ణించి తక్కిన ఊళ్ళకి గాలిలో వెళ్తుంది. ఆ పెట్టె చూసుకునే పని శిష్యుడు జగ్గారావుది.

ఒకనాడు జగ్గారావు విసుగెత్తి అడిగాడు.

"మాస్టారూ, పనికొచ్చే కబురేదో, పనికిరానిదేదో ఎలా తేల్చుకోవాలండీ? కళింగపట్నం మహలక్ష్మమ్మగారు రోజూ వంటలు పంపుతారు. సోంపేట పాపయ్యగారు గేదె ఈనితే ఊరూరా చాటిస్తారు. ఇదంతా మోయడానికా మన రేడియో?"

"నీకెలా తోస్తే అలా చేసుకో" అన్నారు మాస్టారు.

ఇంకేం, మనవాడు చొక్కా చేతులు పైకి మడిచి, కంప్యూటరుకి ఒక వడపోత పెట్టాడు. వాతావరణం, యంత్రాలు, సమావేశాలు, ఇవే ముందుకు సాగాలి. తక్కినది ఏదొచ్చినా చడీచప్పుడు లేకుండా చెత్తబుట్టలో పడాలి. పంపినవాళ్ళకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

"ఎవరికైనా మినహాయింపు ఉందా?" అని అడిగారు మాస్టారు.

"మీకూ లేదండి, నాకూ లేదండి!" అన్నాడు జగ్గారావు. అబ్బో, ఆ దర్జా చూసి తీరాలి! మాస్టారు మీసాల్లో నవ్వుకున్నారు.

జగ్గారావుకి తల్లీతండ్రీ చిన్నప్పుడే పోయారు. తోడబుట్టినవాళ్ళు లేరు. అతని పెళ్ళికి పెద్దరికం చేసింది ఈ రేడియో వాళ్ళే. మహలక్ష్మమ్మగారైతే తన సొంత కొడుకు పెళ్ళన్నంత హడావిడి చేసింది. ఆ మాట వడపోత పెట్టేటప్పుడు అతనికి గుర్తుకు రాలేదు మరి.

కొన్నాళ్ళకి, ఒక పొద్దున, భార్య పురిటికి వెళ్ళిన అత్తవారింటి నుంచి ఫోను వచ్చింది. ఆడపిల్ల! కింద మాస్టారికి ఓ కేక వేసి, మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కి, "అందరికీ శుభవార్త. నాకు కూతురు పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం" అని కొట్టి పంపి, తెర ముందు కూర్చున్నాడు.

కాకినాడ నుంచి వాన కబురు వచ్చింది. ఎవరో ఏంటెన్నా గురించి అడిగారు. పిల్ల ఊసెత్తిన పాపాన ఎవరూ పోలేదు. మధ్యాహ్నానికి అతని ముఖం వాడిపోయింది.

మాస్టారు మాడుగుల హల్వా పొట్లంతో మేడెక్కి వచ్చారు. "ఏరా, కూతురు పుట్టిననాడు ఆ ముఖమేమిటి?"

"ఒక్కరూ పలకలేదండి మాస్టారూ. నావాళ్ళనుకున్నాను. నాకెవరూ లేరు" అన్నాడు.

మాస్టారు తెర మీద ఓ మూలకి వేలు చూపించారు. జగ్గారావు చెత్తబుట్ట తెరిచాడు. మహలక్ష్మమ్మగారి ఉలవచారుకీ పాపయ్యగారి దూడకీ మధ్య, అతని కూతురు ఉంది.

కాసేపు గుడ్లప్పగించి చూశాడు. తర్వాత నవ్వు ఆగలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వడపోత మొత్తం తీసిపారేసి, ఉలవచారూ దూడా పిల్లా, అన్నిటినీ ఒక్కసారే గాలిలోకి వదిలాడు.

ఇక చూడండి సందడి! పాపయ్యగారు ఆ గేదె జున్ను బాలింత ఇంటికే అన్నారు. ముక్కూ ముఖం తెలియని వాళ్ళు కూడా పిల్లకి పేర్లు పంపారు. మహలక్ష్మమ్మగారు "ఓరి భడవా, ఇప్పుడా చెప్పడం!" అని తిట్టి, శొంఠీ పిప్పళ్ళూ బెల్లం నెయ్యీ ఎంతెంత వెయ్యాలో, బాలింతకి పెట్టే కాయం మందు ఎలా చెయ్యాలో తెర నిండా రాసింది.

జగ్గారావు సంతోషం పట్టలేక, మాస్టారి వైపు తిరిగాడు. "అయితే మాస్టారూ, ఏది పనికొచ్చేదో, ఏది పనికిరానిదో..."

మాస్టారు అతని నోట్లో హల్వా ముక్క పెట్టారు.

"ముందు ఆ కాయం రాసుకోరా" అన్నారు.