బుర్రా వారి ఒరిజినల్ బొమ్మ

అంబాజీపేట దగ్గర బుర్రా వారని ఓ కుటుంబం ఉంది. తెలివి గురించి ఎవరైనా మాటెత్తితే చాలు, ఆ ఇంటి పెద్దకొడుకు గవర్రాజు భుజం మీద తువ్వాలు దులిపి, "మా ఇంటిపేరే బుర్రండి. ఇంక వేరే చెప్పాలాండి?" అనేవాడు. పక్కనే తమ్ముడు నూకరాజు "ఆయ్" అనేవాడు. గవర్రాజు పెళ్ళాం మంగాయమ్మ పుట్టింటి పేరు వేరు. అయినా తాళి పడగానే ఇంటిపేరుతో పాటు తెలివి కూడా ఇటు వచ్చేసిందని ఆవిడ గట్టి నమ్మకం. ముగ్గురూ కలిసి ఓ పని మొదలుపెడితే ఆపడం బ్రహ్మ తరం కూడా కాదు. ఊళ్ళోవాళ్ళు ఆ గుమ్మం ముందు కాస్త ఎడంగా, గబగబా నడిచేవారు. అది తమ మీద గౌరవం అని వీళ్ళు చెప్పుకునేవారు.

ఇంట్లో నాలుగో మనిషి బుల్లెమ్మ గారు, అన్నదమ్ముల తల్లి. ఆవిడకి చదువు రాదు గానీ బొమ్మల కథలంటే ప్రాణం. లొల్ల కామేశం గారని రాజమండ్రిలో ఓ చిత్రకారుడు వారపత్రికలో 'ఉక్కుపిడికిలి ఉగ్రయ్య' అని బొమ్మల కథ వేసేవాడు. బుల్లెమ్మ గారి పెనిమిటి అచ్యుతం గారు దాన్ని అరుగు మీద కూర్చుని పైకి చదివేవాడు. ఆవిడ బొమ్మలు చూస్తూ వినేది. "ఎప్పటికైనా ఆ కామేశం గారిని బతిమాలి, నిన్ను కూడా ఉగ్రయ్య పక్కన గీయిస్తానే" అని ఆయన మాటిచ్చాడు. ఆ మాట తీరకుండానే పోయాడు. ఆవిడ పట్టుచీర వద్దంది, కాశీయాత్ర వద్దంది. కళ్ళు ఆనుతుండగా ఆ బొమ్మ ఒక్కటి చూసుకుంటే చాలంది. ఆ మాట అన్నప్పుడల్లా ఆవిడ పాత పత్రిక తీసి, ఉగ్రయ్య పక్కన ఖాళీ చోటు వేలితో చూపించేది. కొడుకులు ఎంత వెర్రివాళ్ళయినా తల్లి అలా చూపిస్తే తట్టుకోలేరు కదా.

అలా ఉండగా కామేశం గారు అభిమానులతో కబుర్లు చెప్పడానికి అమలాపురం గ్రంథాలయానికి వచ్చాడు. బుర్రా అన్నదమ్ములు తెల్లచొక్కాలు వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఆయన పెద్ద పెద్ద అట్టలు బల్ల మీద పరిచి, "ఇవి ఒరిజినల్స్. నేను చేత్తో గీసిన కాగితాలు. వీటిని చూసి పత్రికలో ఎన్నైనా అచ్చేస్తారు. ఇది మాత్రం లోకంలో ఒక్కటే ఉంటుంది" అన్నాడు.

"పత్రికలో ఉగ్రయ్య జానెడే ఉంటాడు కదండీ, ఇక్కడ మూరెడున్నాడేంటండి?" అని నూకరాజు అడిగాడు.

"పెద్దగా గీస్తాం బాబూ. అచ్చులోకి వెళ్ళాక చిన్నదవుతుంది."

నూకరాజు అన్న చెవిలో, "ఉతికిన లాగులాగ అన్నమాట" అన్నాడు. గవర్రాజు తలూపాడు.

ఎవరైనా కోరి అడిగితే వాళ్ళకు కావలసిన బొమ్మ గీసిస్తానని, దాన్ని కమిషన్ అంటారని ఆయన చెప్పాడు. కొబ్బరికాయల బజారులో పుట్టి పెరిగిన గవర్రాజు, మధ్యలో బ్రోకరు ఎవరా అని ఓసారి చుట్టూ చూశాడు. ఎవరూ కనపడకపోయేసరికి ధైర్యం చేసి లేచి తల్లి కోరిక చెప్పాడు. తండ్రి ఇచ్చిన మాట కూడా చెప్పాడు. కామేశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తప్పకుండా గీస్తానండి. మీ అమ్మగారి ఫోటో ఒకటి పంపండి. ముస్తాబులేమీ వద్దు. తీస్తున్నట్టు ఆవిడకి అసలు తెలియనే కూడదు. అప్పుడే మనిషి సహజంగా ఉంటుంది" అన్నాడు.

అంతే. ఇంటికి రాగానే ముగ్గురూ వంటింట్లో తలుపు వేసుకుని ఆలోచించారు. బుల్లెమ్మ గారికి తెలియకుండా ఆ ఇంట్లో చీమ కూడా నడవదు. మరి ఆవిడకి ఏమీ తెలియని వేళ ఏది? మంగాయమ్మే కనిపెట్టింది. నిద్రపోయే వేళ! ఇంకేముంది, భోంచేసి ఆవిడ మంచం మీద వాలగానే నూకరాజు పిల్లిలా వెళ్ళి ఫోటో తీశాడు. ఈగలు వాలకుండా ఆవిడ కాళ్ళ నుంచి తల దాకా తెల్ల దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. ఫోటోలో దుప్పటి చాలా సహజంగా వచ్చింది.

ఆ ఫోటో చూసిన కామేశం గారు గుండె పట్టుకుని ఫోన్ చేశాడు.

"అయ్యో గవర్రాజు గారూ! ఎంత పని జరిగిందండీ! ఎప్పుడండీ ఇది?"

"భోజనం అవగానేనండి."

"అంత హఠాత్తుగానా?"

"హఠాత్తేముందండీ, రోజూ జరిగేదే. కాఫీ వేళకి లేచేత్తాదండి."

కామేశం గారు గుండె మీంచి చెయ్యి తీశాడు. ఆ తర్వాత నెమ్మదిగా, ఆవిడ కళ్ళు తెరిచి, దుప్పటి లేకుండా, కూర్చున్న ఫోటో కావాలని, ఈసారి ఆవిడకి తెలిసినా ఫరవాలేదని చెప్పాడు.

ఫోటో వెళ్ళింది. ఆయన ముందు పెన్సిల్‌తో చిత్తు బొమ్మ వేసి ఫోన్‌లో పంపాడు. "ఏమైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి. సిరా పడ్డాక మార్చలేను" అన్నాడు. తేడా చూడమన్నాడు కదా! నూకరాజు ఫోన్ తెచ్చి తల్లి చెంప పక్కన పెట్టాడు. గవర్రాజు ఇటు చూసి అటు చూసి, ఆయనకే ఫోన్ చేసి గోల పెట్టాడు.

"చానా తేడా ఉందండి. మా అమ్మ ఇంత బుల్లిగా ఉండదండి, తలుపు రెక్కంత ఉంటాది."

"అది ఫోన్ కదండీ, అందులో అందరూ చిన్నగానే ఉంటారు."

"ఒంట్లో రక్తం కూడా లేదండి, తెల్లగా పాలిపోయింది."

"రంగులు తర్వాత వేస్తానండి."

మంగాయమ్మ ఫోన్ లాక్కుంది. "అయ్యన్నీ సరే బాబుగారూ, నడుం దాకానే ఉందేంటండి? మిగతా అత్తని ఎక్కడ పెట్టారండి?"

నడుం కింద భాగం గోడ వెనక ఉందని ఆయన అన్నాడు. బొమ్మలో ఉగ్రయ్య, బుల్లెమ్మ గారు ఒక పిట్టగోడ వెనక నిలబడి ఉన్నారు మరి. "గోడ వెనక చీకటండీ, పాములూ పుట్రా ఉంటాయండి, ఆవిడికి మోకాళ్ళ నొప్పులండి" అని మంగాయమ్మ ఏడుపు లంకించుకుంది. పాపం, కామేశం గారు ఆ గోడ చెరిపేసి, ఇద్దరికీ కాళ్ళు గీసి, బుల్లెమ్మ గారి కాళ్ళకి చెప్పులు కూడా వేశాడు. అలాంటి మంచివాడు మళ్ళీ పుట్టడు.

బొమ్మ పూర్తయింది. తీసుకురావడానికి నూకరాజు రాజమండ్రి వెళ్ళాడు. కామేశం గారు బొమ్మని అట్టల మధ్య పెట్టి కట్టి, జాగ్రత్తలు చెప్పాడు. "ఇది ఒక్కటే ఉంది, పాడైతే ఇంకోటి లేదు. చేతులు తగలనివ్వకు, చెమటకి మరకలవుతాయి. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. చెమ్మ తగిలితే కాగితం ఉబ్బుతుంది."

నూకరాజు ఆ మాటలు పొల్లుపోకుండా బుర్రలో పెట్టుకున్నాడు. అట్టల కట్టని గడ్డం కింద ఇరికించుకుని, రెండు చేతులూ దూరంగా చాపుకుని బస్సెక్కాడు.

"టిక్కెట్టు తీసుకోవయ్యా" అన్నాడు కండక్టరు.

"చేతులు వాడకూడదండి."

"రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయిగా?"

"ఖాళీగా ఉంచాలనే కదండీ ఈ పాట్లు!"

ఇంక చేసేది లేక కండక్టరు టిక్కెట్టుని అతని చెవి మీద దోపి వెళ్ళాడు. మెడ వంకరపోయిందే గానీ బొమ్మకి ఒక్క మరక పడలేదు.

ఇల్లు చేరాక అసలు పని మొదలైంది. ఎండ తగలకూడదని కిటికీలన్నీ మూసి, సందుల్లో గోనెలు కుక్కారు. దీపం కూడా ఎండకి చుట్టమేనని బల్బు ఊడదీశారు. చెమ్మ కూడదని పొయ్యి ఆర్పేశారు, స్నానాలు మానేశారు, బిందెలు వీధిలో పెట్టారు. అప్పుడు బుల్లెమ్మ గారిని చెయ్యి పట్టుకుని ఆ చీకటిగదిలోకి తీసుకెళ్ళారు.

"ఏదిరా ఉగ్రయ్య?" అంది ఆవిడ ఆత్రంగా.

"నీ ఎదురుగానే ఉన్నాడమ్మా."

"నేనేదిరా?"

"ఆయన పక్కనే ఉన్నావు."

"కనపట్టంలేదురా గవర్రాజూ." ఆవిడ చీకట్లో తడుముకుంది. "దగ్గిరదాకా వచ్చి కూడా నా రాతలో లేదు కాబోలు. మీ నాన్న ఉంటే అగ్గిపుల్లయినా గీసేవాడు." ఆవిడ వెక్కుతున్న చప్పుడు విని మంగాయమ్మ కంగారుపడింది. "అత్తా, ఇక్కడ ఏడవకు! చెమ్మ, చెమ్మ!" అంటూ ఆవిడని బయటికి లాక్కొచ్చింది.

ఆ పెద్దావిడ గుమ్మంలో చతికిలబడి, బొమ్మ చూపించేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనంది. నీళ్ళు ముట్టకపోతే చెమ్మ ఉండదు కదా, మంచిదే అని నూకరాజు సంతోషించాడు. గవర్రాజుకి మాత్రం మనసొప్పలేదు. కామేశం గారికి ఫోన్ కొట్టాడు. ఆయన తల పట్టుకున్నాడు.

"బొమ్మ గీసింది ఆవిడ చూసుకోవడానికే కదండీ! కిటికీలు తెరవండి, దీపం పెట్టండి, శుభ్రంగా చూపించండి. ఇంకో మాట. ఆవిడ నోటి దగ్గర మాటల బుడగ ఖాళీగా వదిలేశాను. ఉగ్రయ్యతో ఆవిడ ఏమంటారో నాకు తెలియదు కదా. ఆవిడ నోట ఏం వస్తే అది, విన్నది విన్నట్టు అందులో రాయండి. దయచేసి మీ సొంత తెలివి మాత్రం వాడకండి."

ఆ చివరి మాటకి గవర్రాజు కాస్త నొచ్చుకున్నాడు. అయినా పెద్దమనిషి చెప్పాడు కదా అని ఒప్పుకున్నాడు.

కిటికీలు తెరిచారు. వెలుతురు వచ్చింది. బల్ల మీద బొమ్మ. ఉగ్రయ్య మీసం మెలేసి నిలబడ్డాడు. పక్కనే బుల్లెమ్మ గారు, అదే గళ్ళచీర, అదే ముక్కుపుడక, నడుం మీద చెయ్యేసుకుని ఆయన కంటే ధీమాగా ఉంది. ఆవిడ చూసింది. ఎంతో సేపు చూసింది. మొహం విప్పారింది, కళ్ళమ్మట నీళ్ళు వస్తూనే నవ్వింది. అంత ఆనందం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నూకరాజు నల్లకలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"అమ్మయ్యో! అచ్చం నేనేరా!" అంది ఆవిడ. నూకరాజు రాశాడు.

"ఏమయ్యా ఉగ్రయ్యా, ఇన్నాళ్ళకి కుదిరింది. మా ఆయన ఉంటే నిన్ను చూసి ఎంత మురిసిపోయేవాడో!" అదీ రాశాడు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! బుడగ సరిగ్గా నిండింది.

కానీ విన్నది విన్నట్టు రాయమన్నాడు కదా. బుల్లెమ్మ గారు ఒకసారి నోరు తెరిస్తే మూసేదెప్పుడు! మొగుడి సంగతి చెప్పింది, పెళ్ళినాటి సంగతి చెప్పింది, పెళ్ళిలో పులిహోర చాల్లేదని అలిగిన మామగారి సంగతి చెప్పింది. బుడగ దాటి మాటలు ఆకాశంలోకి వెళ్ళాయి. ఆకాశం నిండాక ఉగ్రయ్య తలపాగా మీదికి ఎక్కాయి. నూకరాజు చెయ్యి నొప్పెడితే గవర్రాజు అందుకున్నాడు, గవర్రాజు అలిసిపోతే మంగాయమ్మ అందుకుంది. ఉగ్రయ్య మీసం మీద పక్కింటావిడ అరువడిగిన చింతపండు కథ పడింది. అతని ఉక్కుపిడికిలి మీద మోకాళ్ళ నొప్పికి రాసుకునే తైలం పేరు పడింది.

అప్పటికి గానీ ఆవిడ వాళ్ళేం చేస్తున్నారో వంగి చూడలేదు.

"ఓరి మీ తెలివి తెల్లారా! ఏం చేత్తన్నార్రా!"

రాశారు. ఆవిడ చీర మీద రాశారు.

"ఆపండ్రా వెధవల్లారా!"

అదీ రాశారు. చెప్పుల మీద పట్టింది.

బొమ్మంతా నల్లగా నిండిపోయింది. ఇంక ఖాళీ ఒకేచోట మిగిలింది. బుల్లెమ్మ గారు దానికి రెండు చేతులూ అడ్డం పెట్టి, గొంతు చించుకుని అరిచింది. "నా మొహం మీద మాత్రం రాయకండ్రా నాయనా!"

ఇంకేముంది! ఆవిడ చేతులు పక్కకి తీసి, ఆ మాట సరిగ్గా అక్కడే రాశారు.

మర్నాడు కామేశం గారు ఆశగా ఫోన్ చేశాడు. సంగతంతా విన్నాడు. వెనకాల ఆవిడ వెక్కివెక్కి ఏడుస్తూ తిడుతున్నది కూడా విన్నాడు. ఆయన మనసు కరిగిపోయింది.

"ఆవిణ్ణి ఏడవద్దని చెప్పండి. ఇంకో బొమ్మ గీసి ఇస్తాను. ఈసారి ఎలా కావాలో చెప్పండి."

గవర్రాజు తల్లి వైపు చూశాడు. ఆవిడ నోరు ఆడుతూనే ఉంది. నూకరాజు కలం పట్టుకుని, చోటు లేక గోడ మీద రాస్తూనే ఉన్నాడు. గవర్రాజుకి తల్లి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"ఈసారి ఉగ్రయ్య వద్దండి, అమ్మ కూడా వద్దండి. వాళ్ళ వల్లేనండి చోటు చాల్లేదు. ఉత్త బుడగలే గీసి ఓ బండెడు పంపించండి!"