జోడుస్వరం డాట్ కామ్

పానకాలరావు మాస్టారు ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పరు. హార్మోనియం తిత్తి మూసి, మెట్లమీద గుడ్డ కప్పుతారు. ఇక పాఠం ఆగినట్టేనని తెనాలిలో ఆయన దగ్గర పద్యం నేర్చుకున్నవాళ్ళందరికీ తెలుసు.

ఆ రోజు అడిగింది విమల. పద్యాలు నేర్పే బడి పెట్టబోతోంది. దాని వెబ్‌సైటుకు ముచ్చటపడి ఒక పేరు అనుకుంటే, అప్పటికే ఇంకెవరో దాన్ని నమోదు చేయించుకున్నారట. "ఒకరు ముందే పట్టేసిన పేరు ఇక మనది కాకుండా పోతుందా మాస్టారూ?" అంది ఉక్రోషంగా.

మాస్టారు గుడ్డ కప్పారు. తర్వాత ఆయన చెప్పింది ఇది.

పౌరాణిక నాటకాలు తెల్లవార్లూ ఆడే కాలంలో, మెయిన్ రోడ్డు వెనక సందులో ఖాదర్‌వలి, జోజయ్య అనే ఇద్దరు స్నేహితులు హార్మోనియంలు తయారుచేసేవారు. షాపు పేరు జోడుస్వరం. వలి నాదం పలికించే రీడ్లు సవరించేవాడు, జోజయ్య పెట్టె చెక్కేవాడు. ఏ ఊరి నాటక సమాజమైనా కొత్త పెట్టె కావాలంటే ఆ సందులోకే వచ్చేది. నటులు అక్కడే టీ తాగుతూ రాగాలు తీస్తుంటే దారినపోయేవాళ్ళు సైకిళ్ళు దిగి వినేవారు.

కీబోర్డులొచ్చాక జోజయ్య అవి అమ్ముదామన్నాడు. వలి ససేమిరా అన్నాడు. మాటామాటా పెరిగి విడిపోయారు. బోర్డు దింపేశారు. ఆ పేరు ఇకమీదట ఇద్దరిలో ఎవరూ వాడకూడదని పెద్దల ముందు ఒప్పుకున్నారు. అప్పట్నుంచి ఎదురుపడినా మాటల్లేవు.

చాలా ఏళ్ళకు, వలి కూతురు షమీమ్ తండ్రి పనికి ఒక వెబ్‌సైటు పెడదామంది. ఏ పేరు చెప్పినా ఆయన తల అడ్డంగా ఊపాడు. చివరికి, "జోడుస్వరం ఉందేమో చూడు" అన్నాడు మెల్లిగా. చూస్తే ఆ పేరు ఖాళీ లేదు.

"ఇంకెవడు? వాడే! నన్ను వాడొద్దని, తను కాజేశాడు" అని మండిపడ్డాడు వలి. ఆ సైటు తెరవనివ్వలేదు. తన పేరుతోనే వేరే చిరునామా నమోదు చేయించుకున్నాడు.

కొన్నాళ్ళకు కర్నూలు నుంచి ఒక నటుడు హార్మోనియం కోసం వెతుక్కుంటూ వచ్చాడు. "జోడుస్వరంలో మీ నంబరు దొరికిందండీ" అన్నాడు.

వలి అప్పుడు కూతురిచేత ఆ సైటు తెరిపించాడు. అందులో పాత షాపు ఫోటో ఒక్కటే ఉంది. కింద, 'ఈ షాపు ఇప్పుడు లేదు. అలాంటి నాదం కావాలంటే ఖాదర్‌వలి గారిని అడగండి' అని రాసి, ఆయన నంబరు వేసి ఉంది. వలి ఆ ఫోటోకేసి చాలాసేపు చూశాడు. చెప్పులేసుకుని నేరుగా జోజయ్య ఇంటికి వెళ్ళాడు.

"ఏరా, ఎందుకు చేశావిట్లా?"

జోజయ్య తలెత్తలేదు. "ఎవడో చెప్పుల కంపెనీకి ఆ పేరు కొనబోతున్నాడని తెలిసింది. మనసొప్పలేదు. నేనైతే వాడుకోలేదురా, వలీ. మాట తప్పలేదు."

"నీ పేరెందుకు వెయ్యలేదు?"

"పెట్టె ఎవడైనా చెక్కుతాడు. నాదం నీది. కావాలంటే ఆ పేరు నీకు మార్పించేస్తాను, తీసుకో."

"వద్దు" అన్నాడు వలి. స్నేహితుడి భుజంమీద చెయ్యి వేసి అక్కడే అరుగుమీద కూలబడ్డాడు.

మాస్టారు అక్కడితో ఆపేశారు.

"మళ్ళీ షాపు తెరిచారా మాస్టారూ?"

"లేదమ్మా. వయసైపోయింది. సాయంత్రాలు కలిసి టీ తాగుతున్నారు."

"మరి ఇంతకీ ఆ పేరు ఇప్పుడెవరిది?"

మాస్టారు నవ్వారు.

"ఇద్దరిలో ఎవర్నడిగినా, రెండోవాడిదే అంటున్నారు."