అడుగున నీలం

కార్వాన్ రత్నాల బజారులో జలాల్ ఉస్తాద్ సానపట్టిన నీలమంటే సంస్థానాల వాళ్లు కళ్లకద్దుకునేవారు. ఆయన సానచక్రం తిరిగేలా వెనక కూర్చుని తొమ్మిదేళ్లుగా తాడు లాగుతున్నది మాత్రం గవరయ్య. అతని పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

కెంపులూ పచ్చలూ అతను సానపట్టగలడు. నీలం మాత్రం ఉస్తాద్ ముట్టనివ్వలేదు. మంచి నీలం దొరకడమే గగనం. సింహళం నుంచి సంచులకొద్దీ రాళ్లొచ్చినా కొన్ని బూడిదరంగు, కొన్ని కాటుక నలుపు. తేటైన నీలం ఏడాదికొకటి కంటపడితే గొప్ప.

అలాంటిదేనంటూ ఒక రాయి రాణిగారి ఉంగరం కోసం వచ్చింది. ఆ ఉదయమే గవరయ్య బట్టలు మూటగట్టి గుమ్మం దగ్గర పెట్టాడు.

"ఈ రాయి నేనే సాన పడతా ఉస్తాద్. కాదంటే సూరత్ పోతా. అక్కడన్నా నా పేరు అడిగేటోళ్లు ఉంటరు."

ఉస్తాద్ మూట వైపు చూశాడు. కిటికీ పక్కనున్న తన పీట ఖాళీ చేసి, వెనక్కి వెళ్లి తాడు అందుకున్నాడు.

ఉస్తాద్ అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని గవరయ్య అనుకోలేదు. అయినా పంతం పంతమే. పీట మీద కూర్చుని రాయిని వెలుతురులో తిప్పి చూశాడు. రాయంతా మంచినీళ్లలా తెల్లగా ఉంది. ఒక మూల మాత్రం పెసరగింజంత చిక్కటి నీలం.

ఉన్న కాస్త రంగూ నలుగురికీ కనబడాలి కదా. ఆ మూల పైకి వచ్చేలా రాయిని లక్కతో కర్రకు అంటించాడు.

ఉస్తాద్ లేచి వచ్చాడు. లక్క కరిగించి, రాయిని తలకిందులు చేసి మళ్లీ అంటించాడు.

"రంగంత అడుగుకు పోతే పైన ఏం కనబడ్తది ఉస్తాద్?"

"సాన పట్టు," అని ఉస్తాద్ తాడు దగ్గరికి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు పట్టింది. డెబ్బై ఏళ్ల మనిషి పొద్దున్నించి సాయంత్రం దాకా తాడు లాగాడు. ఇక చాలు లేవండి అని గవరయ్య అనలేదు. అనాలనిపించినా పళ్లు బిగబట్టి రాయి మీదే చూపు నిలిపాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం రాయిని కడిగి అరచేతిలో పెట్టుకున్నాడు. పైనుంచి చూస్తే అంచుల దాకా నీలం. నమ్మలేక పక్కకు తిప్పాడు. అదే తెల్లటి నీళ్లు, అట్టడుగున అదే పెసరగింజ.

అడుగునున్న ఆ గింజే రాయంతటికీ రంగు నింపుతోంది.

రాణిగారి దివాన్ వచ్చి రాయిని చూశాడు. "ఇట్లాంటి నీలం చూసి ఎన్నేళ్లయింది ఉస్తాద్! మీ చెయ్యే చెయ్యి."

"నా చెయ్యి కాదు. సాన పట్టింది గవరయ్య."

దివాన్ మొదటిసారి అతని వైపు తిరిగాడు. "భేష్, గవరయ్యగారూ."

తొమ్మిదేళ్లు ఆ మాట కోసమే ఎదురుచూశాడు గవరయ్య. తీరా వచ్చాక తల ఎత్తలేకపోయాడు.

"తాడు లాగిందెవరో గూడ అడగండి దొరా."

దివాన్ నవ్వి, రాయిని కాగితంలో మడుచుకుని వెళ్లిపోయాడు. అతను అడగలేదు.

గవరయ్య వెనక్కి వెళ్లి ఉస్తాద్ ముందు కూలబడ్డాడు. ముసలాయన అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"లేవండి ఉస్తాద్. తాడు నాకియ్యండి."

ఉస్తాద్ తాడు వదల్లేదు.

"నువ్వు తొమ్మిదేళ్లు లాగినవు బిడ్డా. నేను నాలుగు రోజులే. పో, మూట విప్పి పీట మీద కూసో."