గుక్కకోసారి ఆకాశం

ఒకప్పుడు కోడి నీళ్లు తాగితే అచ్చం ఆవు తాగినట్టే ఉండేది. మూకుట్లో ముక్కు పెట్టిందంటే కడుపు నిండేదాకా తల ఎత్తేది కాదు. ఎత్తాల్సిన పనేముంది? గింజలు నేలమీదే, పురుగులు నేలమీదే, నీళ్లూ నేలమీదే. పైన ఏముందో ఏ కోడికీ తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు.

అప్పుడప్పుడు ఒక కోడి కనిపించకుండా పోయేది. మిగతావి కాసేపు అటూ ఇటూ వెతికేవి. "కంచె దూరి పక్కింటికి పోయుంటుందిలే. అక్కడ తౌడు పెడతారట" అని సరిపెట్టుకునేవి.

ఆ రోజుల్లో జీడితోటల పక్కనున్న ఒక ఊళ్లో నూకాలు అనే ఆవిడ ఉండేది. ఆవిడ పెరట్లో నాలుగు పెట్టలు. నల్లపెట్ట వాటన్నిటికీ పెద్ద, అదెంత చెబితే అంత. దాని తర్వాత ఎర్రపెట్ట, ఆ తర్వాత బోడిమెడ, అందరికంటే చివర జుట్టుపెట్ట. ఎవరు ముందు తినాలి, ఎవరెక్కడ పడుకోవాలి, అన్నిటికీ అదే వరస.

ఒక వేసవిలో నూకాలు సంతకెళ్లి ఇంకో రెండు పెట్టల్ని తెచ్చింది. అవి అక్కాచెల్లెళ్లు. అక్కకి ఒంటినిండా తెల్లచుక్కలు, అందుకని దాన్ని చుక్కలపెట్ట అన్నారు. చెల్లెలు ఇంకా గుడ్డు కూడా పెట్టలేదు. దాన్ని చిన్నపెట్ట అన్నారు.

కొత్త కోళ్లని తెచ్చినవాళ్లు ముందు ఒకట్రెండు రోజులు గంప కింద మూసిపెడతారు. లేకపోతే అవి కంచె దాటి ఎటో పోతాయి. నూకాలు కూడా మూసింది. లోపలికి గుప్పెడు గింజలు, కొబ్బరిచిప్పతో నీళ్లు తోసింది.

ఆ గంప పాతది. చుట్టూ అల్లిక గట్టిగానే ఉంది కానీ, నడినెత్తిన ఊడిపోయి పిడికిలంత కన్నం పడింది. లోపల అంతా చీకటి. చిన్నపెట్ట భయంతో అక్క రెక్క కింద దూరింది. చుక్కలపెట్టకి చూడ్డానికి ఇంకేమీ లేదు. మెడ నిక్కించి ఆ కన్నంలోంచి పైకే చూస్తూ కూర్చుంది. ఆకాశాన్ని చూసిన మొదటి కోడి అదే!

ఒక తెల్లమబ్బు అటుగా పోతూ ఆగింది. "ఏమే, కింద ఉన్నదానా! అంతలా ఏం చూస్తున్నావు?"

"నిన్నే చూస్తున్నా. ఎంత బావున్నావో!"

"నా అందం సరేలే. నా వెనక చక్కర్లు కొడుతున్నదాన్ని చూసుకో" అని మబ్బు కదిలిపోయింది.

మబ్బు వెనక ఒక నల్లచుక్క గుండ్రంగా తిరుగుతోంది. తిరిగి తిరిగి, ఒక్కసారిగా కిందికి రాలింది. పెరట్లో టపటపమని రెక్కల చప్పుడు, ఒక కేక, ఆ తర్వాత ఏమీ లేదు. కన్నానికి అడ్డంగా పెద్ద నీడ ఒకటి పైకి లేచింది. దాని గోళ్లలో ఎర్రపెట్ట వేలాడుతోంది.

చుక్కలపెట్ట చెల్లెల్ని రెక్క కిందికి ఇంకా దగ్గరికి పొదువుకుంది.

మర్నాడు పొద్దున్నే నూకాలు వచ్చి గంప ఎత్తింది. ఎర్రపెట్ట ఏమైందో ఆవిడకీ తెలియదు. ఏ పిల్లి ఎత్తుకుపోయిందోనని కాసేపు తిట్టుకుంది. ఆ తర్వాత పెరటి మధ్య ఒకే ఒక మట్టిమూకుడు పెట్టి నీళ్లు పోసింది.

"చూడండర్రా! కొత్తా పాతా అంతా ఈ మూకుట్లోనే తాగాలి. ఒక్కచోట నోరు పెడితేనే ఒక్కింటివాళ్లవుతారు. మా అత్త నాకు అలాగే నేర్పింది" అని, తడిక బిగించి జీడిపిక్కలు ఏరడానికి వెళ్లిపోయింది. ఎండాకాలంలో కొత్త కోళ్లకి వేరే మూకుడు పెట్టకుండా పోవడం ఎంత పొరపాటో ఆవిడకి తట్టనే లేదు.

చెల్లెల్ని వెంటబెట్టుకుని చుక్కలపెట్ట నీళ్లదగ్గరికి వెళ్లింది. అంతే, నల్లపెట్ట అడ్డంగా వచ్చి నెత్తిమీద ఠపీమని పొడిచింది.

"ఎక్కడికే?"

"దాహం పెద్దక్కా! చెల్లికి ఒక్క గుక్క..."

"అక్కా లేదు, చెల్లీ లేదు! మీరు వచ్చారు, మా ఎర్రపెట్ట పోయింది. మీ అడుగు మంచిది కాదు. ఈ నీళ్లు ముట్టుకున్నారో, కళ్లు పొడిచేస్తా!"

"మావల్ల కాదు పెద్దక్కా. నేను కళ్లారా చూశాను. పైనుంచి ఒకటి వచ్చి ఎత్తుకుపోయింది."

"పైనుంచా?" బోడిమెడ పకపకా నవ్వింది. "పైనుంచి వాన పడుతుంది, ఆకు పడుతుంది. అవేమన్నా కోళ్లని తింటాయా?"

"గంప కింద కూర్చుని కథలల్లింది" అంది జుట్టుపెట్ట. ఇన్నాళ్లూ వరసలో చివర ఉన్నది కదా, తనకంటే చివర ఇంకో ఇద్దరు వచ్చారని దానికి మహా సంబరం. అందరికంటే గట్టిగా పొడిచింది కూడా అదే.

పొద్దెక్కింది. నేల కాలిపోతోంది. చుక్కలపెట్ట ఎన్నిసార్లు మూకుడి దగ్గరికి పోయిందో, అన్నిసార్లూ తరిమారు. దాని నెత్తిమీంచి నెత్తురు కారుతోంది. చుట్టూ ముళ్లకంచె, తడిక బిగించి ఉంది, చెల్లెలికా కంచె దాటే ఓపిక లేదు. వేరే నీళ్లు ఎక్కడా లేవు.

చిన్నపెట్ట నోరు తెరుచుకుని, రెక్కలు వాల్చేసి, గంప పక్కన కూలబడింది.

"అక్కా, నాలుక అతుక్కుపోతోందే."

"కాస్త ఓర్చుకో తల్లీ" అంది చుక్కలపెట్ట. ఆ కాస్త ఎంతసేపో దానికీ తెలియదు. సాయంత్రందాకా చెల్లెలు బతకదని మాత్రం తెలుసు.

అప్పుడే కంచె అవతలి తాటిచెట్టు మీదనుంచి ఒక గొంతు మెల్లిగా వినిపించింది. చుక్కలపెట్ట తలెత్తింది. నిన్న ఎర్రపెట్టని ఎత్తుకుపోయిన గద్ద కూర్చుని ఉంది.

"చుక్కలదానా, ఈ పెరట్లో నన్ను చూడగలిగింది నువ్వొక్కదానివే. ఇద్దరం ఒక మాట అనుకుందామా? ఆ నల్లది మళ్లీ నీళ్లు తాగడానికి తల వంచుతుంది. నేను పట్టుకుపోతాను. నువ్వు ఊరికే కూర్చో చాలు. తర్వాత మూకుడు మీది, నీళ్లు మీవి. నోరు తెరిచావో, నీ చెల్లెల్ని పట్టుకుపోతాను."

నిజం చెప్పొద్దూ, చుక్కలపెట్టకి ఆ మాట నచ్చింది. పొద్దున్నుంచి పొడిపించుకున్న ఒళ్లు కదా! నల్లపెట్ట పీడ విరగడైతే బావుండునని అనిపించింది. చెల్లెలి వంక చూసి, కాళ్లు ముడుచుకుని ఊరికే కూర్చుంది.

ఎండ మండిపోతోంది. నల్లపెట్ట మూకుడి దగ్గరికి వచ్చింది. అటు బోడిమెడ, ఇటు జుట్టుపెట్ట. మూడూ తలలు వంచి గటగటా తాగుతున్నాయి.

తాటిచెట్టు మీద గద్ద లేచింది. ఒక చుట్టు తిరిగింది. రెక్కలు ముడిచింది.

వంగిన నల్లపెట్ట మెడ నిగనిగలాడుతోంది. ఆ మెడకి ఏ పాపమూ తెలియదు. ఎర్రపెట్ట కూడా నిన్న అలాగే వంగి ఉంటుందని చుక్కలపెట్టకి అనిపించింది. ఇక కూర్చోలేకపోయింది.

"పైన! పైన! పారిపోండి!" అని పెరడు దద్దరిల్లేలా అరిచింది. అరుస్తూనే పరుగెత్తి నల్లపెట్టని డొక్కలో గుద్దింది.

రెండూ దొర్లిపడ్డాయి. గద్ద గోళ్లకి నాలుగు తోక ఈకలు మాత్రం దొరికాయి. నల్లపెట్ట వెల్లకిలా పడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆకాశం చూసింది. దానిలో గద్దని చూసింది.

"అమ్మో! నిజమేనే!"

అందరూ పెరటి మూలనున్న కట్టెలమోపు కిందికి దూరారు. చిన్నపెట్ట మాత్రం కదల్లేకపోయింది. ఎండలో అలాగే పడుంది. గద్ద ఇటు తిరిగింది. "చెప్పానా నీకు!" అని అరుస్తూ చిన్నపెట్ట మీదికి దూకింది.

చుక్కలపెట్ట బయటికి ఉరికింది. కానీ దానికంటే ముందు ఒక నల్లటి ఒళ్లు దూసుకుపోయింది. నల్లపెట్ట పోయి చిన్నపెట్టని కప్పేసి, రెక్కలు రెండూ బారజాపి, గద్ద కళ్లకేసి ముక్కు ఎత్తి నిలబడింది.

"రా! దీన్ని ముట్టుకో చూద్దాం!"

చుక్కలపెట్ట ఒకపక్క నిలబడింది. బోడిమెడ వణుక్కుంటూ ఇంకోపక్క వచ్చింది. జుట్టుపెట్ట కూడా వచ్చింది, కాకపోతే అందరి వెనక. నాలుగు ముక్కులు ఒక్కసారి పైకి లేచేసరికి గద్ద వెనక్కి తగ్గింది. పోయి మళ్లీ తాటిచెట్టు మీద వాలింది. కదలకుండా కిందికే చూస్తోంది.

నీళ్లు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. కానీ ఎవరు తాగుతారు? తాగాలంటే తల వంచాలి. తల వంచితే గద్ద వస్తుంది. చిన్నపెట్టకి ఊపిరి అందడం లేదు.

"ఇప్పుడెలాగే?" అని నల్లపెట్ట అడిగింది. అంత పెద్దది ఇంకొకర్ని అడగడం ఆ పెరట్లో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు.

"నేను చూపిస్తా" అంది చుక్కలపెట్ట. మూకుట్లోంచి ముక్కుతో కొంచెం నీళ్లు పట్టింది. వెంటనే తల పైకెత్తి, గద్ద ఎక్కడుందో చూసింది. చూశాకే మింగింది. మళ్లీ ఒక చుక్క, మళ్లీ పైకి చూపు.

నల్లపెట్టా, చుక్కలపెట్టా కలిసి చిన్నపెట్టని నెట్టుకుంటూ మూకుడి దగ్గరికి తెచ్చాయి. దాన్నే ముందు తాగమన్నాయి. అది గుక్కెడు పట్టి, బరువుగా తల ఎత్తింది. నీళ్లు గొంతులోకి జారాయి. కళ్లు తెరిచింది. మిగతావి దాని తర్వాత తాగాయి. ఒకటి వంగితే ఒకటి పైకి చూసింది. తాటిచెట్టు మీద గద్ద పొద్దుపోయేదాకా కాచుకుని, ఆకలితో ఎగిరిపోయింది.

సాయంత్రం నూకాలు వచ్చేసరికి ఐదు పెట్టలూ ఒక్క మూకుడి చుట్టూ ఉన్నాయి. "నేను చెప్పలా? ఒక్కచోట నోరు పెడితే ఒక్కటైపోతారని!" అని మురిసిపోయింది. ఆవిడకి ఎవరు చెబుతారు!

అప్పటినుంచే ఏ పెరట్లో కోడైనా గుక్క నీళ్లు పట్టగానే తల పైకెత్తుతుంది. దేవుడికి దణ్ణం పెడుతోందని కొందరంటారు. దణ్ణమూ లేదు, పాడూ లేదు. అది గద్దని వెతుకుతోంది. కొత్త కోడి వస్తే పాతవి ఇప్పటికీ నాలుగు పోట్లు పొడుస్తాయి, ఆ బుద్ధి పోలేదు. కానీ ఆ కొత్తది నీళ్లకి తల వంచినప్పుడు చూడండి, పొడిచిన కోడే పక్కన నిలబడి దానికోసం పైకి చూస్తుంది.