నోరు మెదపలేకపోయిన హసింతా

గ్వాటెమాలా కొండల్లో, యుద్ధంలో సైనికులు తగలబెట్టిన మాయా తెగవాళ్ళ పల్లె ఒకదానిలో నికొలాస్ అనే పెద్దాయన ఉండేవాడు. ఊరి మేలు కోరేవాడే గానీ, ఒకసారి పట్టుబట్టాడంటే ఎవరి మాటా చెవిన పెట్టేవాడు కాదు.

యుద్ధం ముగిశాక జనం అడవుల్లోంచి తిరిగొచ్చారు. తమ ఇళ్ళు పూర్తిగా లేవకముందే బడి కడదామన్నాడు నికొలాస్. ఆడా మగా అందరూ రాళ్ళు మోశారు. కొండవాలు పక్కన చక్కటి బడి లేచింది. టీచరుగా మార్తా వచ్చింది. ఆవిడా వాళ్ళ జాతి మనిషే. వాళ్ళ ఇషీల్ భాష ఆవిడకూ బాగా వచ్చు.

"బడి ఆవరణలో స్పానిష్ తప్ప ఇంకో మాట వినబడకూడదు. ఇషీల్‌లో నోరు విప్పిన పిల్లల్ని ఇంటికి పంపెయ్," అన్నాడు నికొలాస్.

"పసివాళ్ళు కదా తాతా! మెల్లగా నేర్చుకుంటారులే."

"సైనికులు స్పానిష్‌లో అడిగినదానికి జవాబు చెప్పలేకే మా తమ్ముడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. నాకేం చెప్పకు!"

పాపం, ఆయన భయం ఆయనది. మార్తా ఆయన చెప్పినట్టే చేసింది.

నికొలాస్ మనవరాలు హసింతాకు బడంటే ప్రాణం. స్పానిష్ మాత్రం ఇంకా నాలుగు ముక్కలే వచ్చు. ఎక్కడ ఇంటికి పంపేస్తారోనని బిక్కుబిక్కుమంటూ కూర్చునేది.

వానాకాలంలో ఒక రోజు హసింతా ఆలస్యంగా, ఒంటరిగా బడికి బయల్దేరింది. దారిలో ఊట చూసి హడలిపోయింది. ఎప్పుడూ తేటగా ఉండే నీళ్ళు ఎర్రటి బురదై పొంగుతున్నాయి! అలా అయితే పైన కొండ జారబోతోందని ఆ ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. పరుగున బడికొచ్చి చెయ్యెత్తింది.

"ఏంటమ్మా? స్పానిష్‌లో చెప్పు," అంది మార్తా.

"నీళ్ళు... నీళ్ళు..." అంది హసింతా. ఆ సంగతి చెప్పడానికి స్పానిష్‌లో ఆ ఒక్క మాటే వచ్చు మరి!

దాహమనుకుని మార్తా కుండ చూపించింది. పిల్లలు పక్కున నవ్వారు. హసింతా ఏడుపు దిగమింగుకుని కూర్చుంది.

విరామంలో నికొలాస్ మొక్కజొన్న గంజి తెచ్చాడు. పిల్లలంతా ఎదురుగా ఉన్న మైదానంలోకి పరుగెత్తారు. హసింతా కూడా బయటికొచ్చి తాత చెయ్యి పట్టుకుని నోరు తెరవబోయింది. అంతే! చెవులు పగిలేలా చప్పుడైంది. కొండ విరిగి బడి మీద పడింది. బల్లలు, గోడలు, కప్పు, కళ్ళ ముందే మాయమైపోయాయి. అయ్యో, మార్తా లోపలే ఉంది!

ఊరంతా వచ్చి చేతులతో మట్టి తవ్వింది. చివరికి మార్తా బతికి బయటపడింది గానీ కాలు విరిగింది.

నికొలాస్ మనవరాలిని దగ్గరికి లాక్కున్నాడు.

"ఊట ఎర్రబడింది తాతా. పొద్దున బడికొస్తూ చూశాను," అంది హసింతా.

"చూశావా! మరి చెప్పలేదేం తల్లీ?"

"ఇషీల్‌లో మాట్లాడితే ఇంటికి పంపెయ్యమన్నావుగా?"

నికొలాస్‌కు అప్పుడు అర్థమైంది. గంజి కొంచెం ఆలస్యమై ఉంటే ఊరి పిల్లలంతా ఆ మట్టి కిందే ఉండేవాళ్ళు! ఆయన బురదలో కూలబడి, "తప్పు నాదే, నన్ను క్షమించండి," అంటూ అందరి ముందూ భోరుమన్నాడు. తర్వాత గట్టి నేల మీద మళ్ళీ బడి కట్టారు. అక్కడ పిల్లలు స్పానిష్‌తో పాటు ఇషీల్ కూడా చదివారు.

పిల్లలకు ఎన్ని కొత్త భాషలైనా నేర్పించవచ్చు, కానీ అందుకోసం అమ్మ భాషను నొక్కేస్తే ప్రాణం మీదికి వచ్చినా వాళ్ళు నోరు తెరవలేరు.