మురికి కాని పళ్లెం

జ్ఞానసుందరమ్మ గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. మా సంఘంలో ఆమె ముప్ఫై ఏళ్లు బైబిలు స్త్రీగా, వాక్యం చెబుతూ ఇల్లిల్లూ తిరిగారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక, మంగళవారం స్త్రీల కూడిక తన వరండాలోనే పెడుతున్నారు. అందరం ఆమెను పెద్ద టీచరమ్మ అంటాం. ఎవరు ఏది అడిగినా, ముందు ఆ కాలపు పని ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఎండాకాలమైతే చింతపండు. గింజలు తీస్తూ కూర్చోవాలి. చాలామంది గింజలు అయ్యేలోగా ప్రశ్న మరిచిపోయి ఇంటికి వెళ్లిపోతారు.

నేను మరిచిపోలేదు. శ్రమల వారంలో, గుడ్ ఫ్రైడేకు ముందు మంగళవారం నాడు అడిగాను.

"ఒకరి భారం ఒకరు మోయమని కదండీ వాక్యం. నాకు చేతనైనంత మోశాను. ఎవరింట్లో జబ్బు చేసినా గంజి పట్టుకెళ్లాను. చావింటికి అందరికంటే ముందు వెళ్లి, ఆఖరున వచ్చాను. మరి నాది ఎందుకు దిగట్లేదు?"

నాది ఏమిటో ఆమెకు తెలుసు. మా జోయెల్‌కు ఇరవై రెండేళ్లు. జనవరి ఆఖర్లో మిర్చి బస్తాల లోడు మీద కూర్చుని యార్డుకు వెళ్తూ, మలుపులో కింద పడ్డాడు. వెన్నుకు ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది. అందుకు దేవునికి వందనాలు. నడుము కింద మాత్రం స్పర్శ లేదు. వస్తే రావచ్చు, ఓపిక పట్టండి అన్నాడు డాక్టరు. నెల కిందట ఇంటికి పంపేటప్పుడు మరో మాట కూడా చెప్పాడు. పడక పుండు పడనివ్వకూడదు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఇద్దరు పట్టుకుని ఎత్తి తిప్పాలి, ఒక్కరే ఈడిస్తే చర్మం రేగిపోతుంది. "పుండు ఎముక దాకా పోతే మళ్లీ తీసుకురావాలమ్మా. అప్పుడు నేను ఏ మాటా ఇవ్వలేను" అన్నాడు.

మా ఆయనది కోల్డ్‌స్టోరేజీలో పని. మిర్చి సీజనులో ఆదివారం తప్ప ఇంటికి రాలేడు. తక్కిన ఆరు రోజులూ నేనొక్కదాన్నే. దుప్పటితో సహా లాగేదాన్ని. కూడిక స్త్రీలు వంతులు వేసుకుని వస్తామన్నారు, వద్దన్నాను. పక్కింటి హెప్సిబా పప్పుచారు గిన్నెతో గేటు దాకా వచ్చింది.

"మాకుందిలే హెప్సీ. దేవుడు చూసుకుంటాడు" అని అక్కణ్ణించే పంపేశాను.

రెండోసారి వచ్చినప్పుడు గేటు కూడా తియ్యలేదు. ఇరవై ఏళ్లుగా ఆ వీధిలో గిన్నెలు పట్టుకుని తిరిగింది నేను. నా గేటు ముందు గిన్నె కనబడితే ఒళ్లు మండింది. అప్పటికి పుండు గోరంత. ఆ మంగళవారానికి నిమ్మచెక్కంత.

టీచరమ్మ అంతా విన్నారు. నా ఒళ్లోకి ఇంకో చింతపండు ముద్ద జరిపారు.

"గురువారం కాళ్లు కడిగించుకునే పన్నెండు మందిలో ఒకరు తగ్గారు. నువ్వు రా."

"నేనా? మళ్లీ వాణ్ణి వదిలేసి..."

"గంటసేపు. గుడి మీ వీధి చివరేగా. కానీ ఒక్క మాట. కాళ్లు కడుక్కోకుండా రా."

వరండాలో అందరూ గొల్లున నవ్వారు. ఎందుకంటే, ప్రభువు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా ఆ సాయంత్రం గుడిలో పన్నెండు మంది స్త్రీల పాదాలు కడుగుతారు. వెడల్పాటి ఇత్తడి పళ్లెం ఒకటి అందుకే ఉంది. అది టీచరమ్మ ఇంట్లోనే ఉంటుంది. గుడిలో పేర్లు చదివిన రోజు నుంచీ ఆ పన్నెండు మందీ చేసే పని ఒకటే, కాళ్లు తోముకోవడం. కిందటేడు కరుణమ్మ గారు పీచూ, సబ్బూ, కొబ్బరినూనే అయ్యాక, చాలవన్నట్టు కొత్త చెప్పులు కూడా కొనుక్కుంది.

"ఆ పళ్లెంలో నీళ్లతో కాఫీ పెట్టుకోవచ్చు" అంది హెప్సిబా, నా వైపు చూడకుండా.

"పెట్టుకో, ముందు నీకే పోస్తా" అంది కరుణమ్మ గారు.

టీచరమ్మా నవ్వారు. నవ్వాక, "నిజమే. పోసినప్పుడు ఎంత తేటగా ఉంటాయో తీసినప్పుడూ అంతే" అని మళ్లీ గింజల్లో పడ్డారు. నాకు జవాబు ఇంతేనా అనిపించింది.

గురువారం నేను కాళ్లు కడుక్కునే వెళ్దామనుకున్నాను. గురువు చెప్పినా సరే, పగుళ్లు పడ్డ కాళ్లు అలాగే వేసుకుని గుడికి ఎవరు వెళ్తారు? కానీ ఆరాధన వేళకు జోయెల్ పక్క తడిసింది. దుప్పటి మార్చడానికి వాణ్ణి లాగాను. వాడికి నొప్పి తెలియదు. దుప్పటి మీద నెత్తురు చూశాక నాకు తెలిసింది. కట్టు మార్చి, పక్కకు తిప్పి, వీపుకు దిండ్లు ఆనించేసరికి గుడి గంట మోగింది. వెళ్లనని కూలబడ్డాను.

"వెళ్లమ్మా. వచ్చేలోపు నేనెక్కడికి పారిపోతాను?" అన్నాడు వాడు, నవ్వుతూ.

ఆ నవ్వు ముందు నిలబడలేక బయట పడ్డాను. చెప్పులు కూడా లేవు. మా వీధి పొడుగునా మిర్చి ఆరబోసిన కల్లాలే. ఆ ఎర్రటి పొడి పగుళ్లలోకి దిగి భగ్గుమంది. గుడి గేటు దగ్గర కొళాయి ఉందిగా అనుకుంటూ వెళ్లాను. ఆ కొళాయికి అడ్డంగా కుర్చీ వేసుకుని పెద్ద టీచరమ్మ కూర్చుని ఉన్నారు.

"కాస్త జరగండి టీచరమ్మా, కాళ్లు..."

"ఈ పూట దీనికి సెలవు. లోపలికి నడువు."

లోపల పదకొండు జతల కాళ్లు అప్పుడే గుడ్డతో తుడిచిన గిన్నెల్లా ఉన్నాయి. చివర నావి. చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుని తల వంచుకున్నాను. టీచరమ్మ మోకాళ్లు వంగవు గనుక ఈ ఏడు కడిగే పనీ, తువాలూ ఇంకెవరికో ఇచ్చారు. ఎవరికిచ్చారో, ఆ మనిషి పళ్లెం జరుపుకుంటూ నా ముందుకు వచ్చి కూర్చునేదాకా నేను చూసుకోలేదు. హెప్సిబా.

పాస్టరు అయ్యగారు చదువుతున్న వాక్యభాగం సరిగ్గా అప్పుడే పేతురు దగ్గరికి వచ్చింది, మీరు నా కాళ్లు కడగడమేమిటని పేతురు ప్రభువును ఆపిన చోటికి. నేను కాళ్లు వెనక్కి తీసుకున్నాను.

"వద్దు హెప్సీ. మురికి."

"పళ్లెం ఎందుకు పెట్టారక్కా మరి?" అంది గొంతు తగ్గించి.

"కారం ఉంది. నీ చేతులు మండుతాయి."

"మా ఆయన చనిపోయినప్పుడు వారం రోజులూ మా ఇంట్లో ఎంగిలి గిన్నెలన్నీ నువ్వు తోమావు. నాకు సిగ్గెయ్యలేదనుకున్నావా? వేసింది. అయినా తోమనిచ్చాను." పళ్లెం ఇంకాస్త దగ్గరికి జరిపింది. "కాళ్లు ఇటు పెట్టు. ఇందాకటి నుంచి పదకొండు మందికి ఉత్తినే నీళ్లు పోసి తీశాను. నడుం నొప్పి దండగ."

పెట్టాను. నీళ్లు చల్లగా తగిలాయి. హెప్సిబా బొటనవేలితో ఒక్కొక్క పగులూ రుద్దింది. మంట మొదట ఎక్కువైంది, తర్వాత దిగింది. పళ్లెంలోకి చూశాను. ఎర్రగా, మట్టిగా, అడుగు కనబడడం లేదు. ఇంతమందిలో సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. చావలేదు. ఆమె తువాలుతో తుడుస్తుండగా, నెల రోజులుగా రాని మాట నోట్లోంచి వచ్చింది.

"రేపు పొద్దున రాగలవా? వాణ్ణి తిప్పాలి. నా ఒక్కదాని వల్ల కావట్లేదు."

హెప్సిబా తలెత్తలేదు. రెండో కాలు తుడుస్తూ, "ఎన్నింటికి?" అంది.

అయిదింటికే వచ్చింది. ఆమె భుజాల వైపు, నేను కాళ్ల వైపు. ఒకటీ రెండూ మూడూ అని ఎత్తితే వాడు దుప్పటికి రాసుకోకుండా లేచాడు. ఇంతేనా అనిపించింది. నెల రోజులు నేను పడ్డది ఇంత పనికా అనీ అనిపించింది.

"అత్తా, మా అమ్మ నన్ను మిర్చి బస్తాలా ఈడ్చేది. నువ్వు పెళ్లికొడుకును లేపినట్టు లేపుతున్నావు" అన్నాడు జోయెల్.

"అయితే పెళ్లికొడుకుగారు పప్పుచారు తాగండి" అని హెప్సిబా గిన్నె మూత తీసింది. ఆ గిన్నె నేను గుర్తుపట్టాను.

పొద్దెక్కాక కరుణమ్మ గారు వచ్చింది, కిందటేటి కొత్త చెప్పులు గేటు బయట విప్పి. తర్వాత ఇంకో ఇద్దరు. శుక్రవారం ఆరాధనకు ముందు కొందరు, తర్వాత కొందరు. ఎవరూ వాక్యం చెప్పలేదు. పునరుత్థాన ఆదివారం ఇంటికి వచ్చిన మా ఆయన, తలుపు మీద సుద్దతో రాసిన వంతుల పేర్లు చదువుకుంటూ అక్కడే నిలబడిపోయాడు.

సోమవారం కట్టు మార్చడానికి వచ్చిన నర్సు వంగి చూసింది. "లోతు పెరగలేదమ్మా. అడుగున ఎర్రటి కండ పడుతోంది. ఇది మానే రంగు" అంది. కాళ్ల సంగతి ఇంకా తెలియదు. పుండు సంగతి తెలిసింది. ఆ సాయంత్రం మోకరించి చాలాసేపు వందనాలే చెప్పుకున్నాను. ఏదన్నా అడగాలని లేచాక గుర్తొచ్చింది.

మంగళవారం హెప్సిబాను జోయెల్ దగ్గర కూర్చోబెట్టి, కూడికకు ముందే పెద్ద టీచరమ్మ వరండాకు వెళ్లాను. ఆమె ముందు చింతపండు కుప్ప ఉంది. పక్కన పళ్లెం ఉంది. గురువారం నుంచి దాన్ని అలాగే ఉంచినట్టున్నారు. లోపల చుట్టూ ఎర్రటి చార ఎండిపోయి కనిపించింది.

"నా ప్రశ్నకు మీరు జవాబు చెప్పనే లేదు టీచరమ్మా" అన్నాను. ఈసారి నవ్వుతూనే అన్నాను.

ఆమె గింజ తీసిన చింతపండు ముద్ద ఒకటి నీళ్లలో తడిపి, పళ్లెం ఒళ్లోకి లాక్కున్నారు. చార మీద రుద్దడం మొదలుపెట్టి, తల ఎత్తకుండానే అన్నారు.

"ముప్ఫై ఏళ్లుగా దీన్ని మెరవడానికి తోమాను లూదియా. మురికయిందని తోమడం ఇదే మొదలు."